జనవరిలో వియన్నా నుంచి కోవెంట్రీకి బైక్ మీద ఇంటికి: దారి, చలి, మంచు గురించి సలహా కావాలి

గేర్ మార్చని గిరి

అందరికీ నమస్కారం. వియన్నాలో నా కాంట్రాక్టు పని జనవరి రెండో వారంతో అయిపోతోంది. సెప్టెంబర్‌లో ఎండ కాస్తుండగా హాయిగా బైక్ మీద వచ్చేశాను. ఇప్పుడు అదే బైక్ మీద కోవెంట్రీలో ఇంటికి చేరాలి. గది ఖాళీ చేయాలి, పార్కింగ్ కూడా ఆ నెలతో సరి, కాబట్టి వసంతం వచ్చేదాకా బండిని ఇక్కడే వదిలేద్దామన్నా కుదరదు.

బండి హోండా సీబీ500ఎక్స్, బ్రిటన్ రిజిస్ట్రేషన్. చిన్న విండ్‌స్క్రీన్ ఉంది, హీటెడ్ గ్రిప్స్ ఉన్నాయి. టైర్లు మామూలు టూరింగ్ టైర్లే, అరిగింది తక్కువ.

నేను అనుకున్న దారి ఇది: వియన్నా నుంచి లింజ్, వెల్స్, సూబెన్ దగ్గర బోర్డర్ దాటి జర్మనీలో ఏ3 పట్టుకుంటే పాసావు, రేగెన్స్‌బర్గ్, న్యూరెంబర్గ్, వుర్జ్‌బర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్ మీదుగా నెదర్లాండ్స్ దాకా అదే రోడ్డు. అక్కడి నుంచి ఆర్న్‌హెమ్, ఉట్రెక్ట్, హుక్ ఆఫ్ హాలండ్. ఫెర్రీ ఎక్కి ఇంగ్లండ్ వైపు హారిచ్‌లో దిగడం. ఫెర్రీ దాకా ఇంచుమించు 1,150 కి.మీ. ఉదయం ఐదింటికల్లా బయల్దేరితే రెండు రోజుల్లో కొట్టేయొచ్చు అనిపిస్తోంది. ఇది అత్యాశా?

ఇంకో సంగతి, జర్మనీలో చలికాలం టైర్లు లేకపోతే ఫైన్ వేస్తారని ఆఫీసులో భయపెట్టారు. బైక్‌కి కూడా ఆ రూల్ ఉందా? చలి బట్టల కోసం 300 యూరోలు పక్కన పెట్టాను, వాటితో ముందు ఏది కొనాలో తేలడం లేదు. అన్నిటికన్నా పెద్ద టెన్షన్ మాత్రం రోడ్డు మీద కనబడని మంచు. అది ఉందని ముందే ఎలా తెలుస్తుంది?

బైక్ అమ్మేసి ఫ్లైట్‌లో వచ్చెయ్ అని మా ఆవిడ ఆల్రెడీ చెప్పింది. ఆ ఒక్క సలహా మాత్రం ఇక్కడ వద్దు.

పాత కార్బొరేటర్

అమ్మెయ్యమని అనను. రవాణా చేసే వాళ్లకి అప్పజెప్పు అంటాను. బ్రిటన్ వైపు తిరిగి వెళ్లే వ్యాన్లలో బైకులు వేసుకుని తీసుకెళ్లేవాళ్లు ఉంటారు. పెట్రోలు, ఫెర్రీ, హోటళ్లు, నువ్వు కొనబోయే బట్టలు అన్నీ కలిపి లెక్కేసుకుని అప్పుడు మాట్లాడు.

టైర్ల రూల్ చెప్తాను. మంచు, ఐసు ఉన్న రోడ్డు మీద చలికాలం టైర్లు తప్పనిసరి అన్న జర్మనీ నిబంధన నుంచి 2017లో రెండు చక్రాల బళ్లకి మినహాయింపు ఇచ్చారు. అయితే ఊరికే ఇవ్వలేదు. అలాంటి టైర్లు లేకుండా ఆ రోడ్డు మీదకి వెళ్తే ఈ ప్రయాణం నిజంగా అవసరమా అని ముందే చూసుకోవాలి, గంటకి 50 కి.మీ. దాటకూడదు, స్పీడోమీటర్ ఎంత చూపిస్తే అందులో సగం మీటర్లు ముందు బండికి దూరం ఉంచాలి. ఆస్ట్రియాలో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండే రూల్ కార్లకి, చిన్న లారీలకి. బైక్‌కి కాదు.

ఫైన్ పడదు, సంతోషం. కానీ మంచు పడిన ఆటోబాన్ (అక్కడి మోటార్‌వే) మీద నువ్వు యాభైలో వెళ్తుంటే వెనకాల నలభై టన్నుల లారీ వస్తుంటుంది. అది ఆలోచించుకో.

వీస్ట్రోమ్ వదిన

గిరి గారూ, పాత కార్బొరేటర్ గారిది తీసిపారేసే మాట కాదు. చివరికి ఆ వ్యానే గతి కావచ్చు, ఆ ఫోన్ నంబరు ఒకటి జేబులో పెట్టుకోండి. కానీ మీరు అడిగింది బైక్ గురించి కాబట్టి నేను బైక్ గురించే చెప్తాను.

నేను ఉండేది ఫుర్త్‌లో, న్యూరెంబర్గ్ పక్కన. ఆస్పత్రి ల్యాబ్‌లో పని, ఏడాది పొడుగునా డ్యూటీకి బైక్ మీదే. ఆమధ్య ఒక ఫిబ్రవరిలో ఆర్న్‌హెమ్‌లో పాత వీస్ట్రోమ్ 650 కొనుక్కుని మీరు రాసిన ఏ3 మీదే ఇంటికి నడుపుకొచ్చాను. మా ఆయన ట్రైలర్ తెస్తానంటే వద్దన్నాను. కాబట్టి ఆ రోడ్డు నాకు అటూ ఇటూ తెలుసు.

మీ ప్లాన్‌లో నాకు నచ్చనిది చలి కాదు, ఆ ఉదయం ఐదు గంటలు. రాత్రంతా వేడి వదిలేసి వదిలేసి రోడ్డు అన్నిటికన్నా చల్లగా ఉండేది తెల్లవారుజామునే. ఐసు ఉండే సమయం అదే, మీకు అది కనబడని సమయమూ అదే. వియన్నాలో జనవరి మధ్యలో సూర్యుడు వచ్చేసరికి ఏడూ నలభై. మీరు పడమటికి పోయే కొద్దీ గడియారం మారదు కానీ పొద్దు ఆలస్యమవుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎనిమిదీ ఇరవై దగ్గర, హుక్ ఆఫ్ హాలండ్‌లో తొమ్మిదికి పావుగంట ముందు. అక్కడ సాయంత్రం ఐదుకల్లా మళ్లీ చీకటి. రోజుకి ఆరువందల కి.మీ. అంటే రెండు చివర్లా చీకట్లో నడపాల్సిందే. చీకటి, చలి, అలసట, మూడూ ఒకేసారి మీద పడతాయి.

కాబట్టి రెండు కాదు, నాలుగు రోజులు పెట్టుకోండి. ఉదయం తొమ్మిదిన్నర తర్వాత బండి తీయడం, మూడున్నరకల్లా గదిలో ఉండటం. వియన్నా నుంచి పాసావు మూడు వందల లోపు. పాసావు నుంచి వుర్జ్‌బర్గ్, అక్కడి నుంచి కొలోన్, ఒక్కోటి మూడు వందల పైచిలుకు. కొలోన్ నుంచి ఫెర్రీ మళ్లీ మూడు వందల లోపే. ఎండాకాలంలో ఈ దూరాలు చూసి నవ్వుకుంటాం, జనవరిలో నవ్వు రాదు. ఐదో రోజు ఒకటి చేతిలో ఉంచుకోండి. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కిచ్చే గదులే బుక్ చేయండి. డబ్బు పోతుందని బయల్దేరిన వాళ్లనే ఎక్కువగా మా ఆస్పత్రికి తెస్తారు.

ఇక ఐసు. మైనస్ ఎనిమిది అంటే అందరూ హడలిపోతారు. నన్నడిగితే, పొడిగా ఉన్న ఆటోబాన్ మీద మైనస్ ఎనిమిది కన్నా, సన్నటి జల్లు పడుతుండగా ప్లస్ ఒకటి పది రెట్లు భయం. గాలి రెండు మూడు డిగ్రీలు చూపిస్తున్నా రోడ్డు ఉపరితలం సున్నా కింద ఉండొచ్చు. పైగా సున్నా దగ్గరి ఐసు మీద సన్నటి నీటి పొర ఉంటుంది, బాగా గడ్డకట్టిన ఐసు కన్నా అదే ఎక్కువ జారుతుంది. బండి మీటర్‌లో మూడు కనబడిందంటే నేను దాన్ని సున్నా కిందే లెక్కేసుకుంటాను.

ముందు ఐసు పట్టేది వంతెనలకి. కింద నేల లేదు కదా, రెండు వైపుల నుంచీ గాలి వేడి లాగేస్తుంది. ఆ తర్వాత అడవి నీడలో ఉండే మలుపులు. ఏ3 చూడటానికి చదునుగా ఉన్నట్టుంటుంది గానీ వుర్జ్‌బర్గ్ దాటాక స్పెస్సార్ట్ కొండలు, ఫ్రాంక్‌ఫర్ట్ దాటాక తౌనుస్, లింబర్గ్ తర్వాత వెస్టర్‌వాల్డ్. కింద ఊళ్లో వాన పడుతుంటే పైన అది మంచుగా ఉంటుంది. ఈ మూడూ మధ్యాహ్నం పూట దాటేలా టైం చూసుకోండి. ఆస్ట్రియా వైపు మీ గొడవ మంచు కాదు, పొగమంచు. డాన్యూబ్ పక్కన లింజ్ నుంచి పాసావు దాకా రోజంతా విడవకపోవచ్చు. ఆ తేమ సున్నా కింద ఉంటే హెల్మెట్ వైజర్ మీద కూడా గడ్డకడుతుంది.

రోడ్డు నల్లగా తడిగా మెరుస్తున్నప్పుడు అది నీళ్లా, ఐసా అని ఎలా తెలుస్తుంది? ముందు పోయే లారీ చక్రాల వెనక చూడండి. నీటి తుంపర లేస్తోందంటే అది తడి, పర్వాలేదు. రోడ్డు తడిగానే కనబడుతూ తుంపర లేవడం ఆగిపోయిందా, అక్కడ నీళ్లు లేవు, గడ్డకట్టాయి. నేను రోజూ డ్యూటీకి పోతూ చూసేది ఇదే. టైర్ల చప్పుడు కూడా ఉన్నట్టుండి తగ్గిపోతుంది, కానీ హెల్మెట్‌లో అది వినబడుతుందని నమ్ముకోవద్దు.

ఉప్పు చల్లారు కదా అని ధైర్యం చేయకండి. మామూలు ఉప్పు మైనస్ పది దగ్గరికి వచ్చేసరికి పని తగ్గిపోతుంది. అయినా చిన్న రోడ్లకన్నా ఆటోబానే మేలు, ఉప్పు లారీలు ముందు అక్కడికే వస్తాయి. దారి దగ్గరవుతుందని మ్యాప్ చూపించే అడ్డదార్లలోకి మాత్రం దిగొద్దు. గడ్డకట్టే వాన, ఇక్కడ జర్మన్లు బ్లిట్జ్‌ఐస్ అంటారు, రేడియోలో గానీ ఫోన్‌లో గానీ ఆ మాట వచ్చిందంటే దాంతో వాదన లేదు. తర్వాత వచ్చే ఎగ్జిట్‌లో దిగి గది చూసుకోవడమే.

బట్టల దగ్గరికి వద్దాం. నిండా మునిగినవాడికి చలేంటి అంటారు, ఆ సామెత కనిపెట్టినాయన బైక్ ఎక్కి ఉండడు. సున్నా డిగ్రీల్లో వందలో పోతుంటే ఒంటికి తగిలేది మైనస్ పదకొండులా ఉంటుంది. యాభైకి తగ్గిస్తే? మైనస్ ఎనిమిది. మూడు డిగ్రీలు కూడా కలిసిరావు, ప్రయాణం మాత్రం రెట్టింపవుతుంది. అందుకే చలేస్తోందని స్పీడ్ తగ్గించడం దండగ. గాలి లోపలికి దూరే సందులు మూయడం మీద డబ్బు పెట్టండి: మెడ, మణికట్టు, ముందు జిప్పు. అన్నిటి మీదా ఒక సైజు పెద్ద రెయిన్‌సూట్ వేసుకోండి, వాన లేకపోయినా సరే. గాలి ఆపడంలో దాని ముందు ఖరీదైన జాకెట్ బలాదూర్. జాకెట్ కింద ఛాతీ మీద దినపత్రిక పెట్టుకోవడం పాతకాలపు చిట్కా. చూసినవాళ్లు నవ్వుతారు గానీ పనిచేస్తుంది.

నేనైతే మీ 300తో ముందు హ్యాండిల్ మఫ్స్ కొంటాను, అంటే హ్యాండిల్ చివర తొడిగే పెద్ద సంచుల్లాంటివి. చూడ్డానికి బాగోవు, ధర తక్కువ. మీ హీటెడ్ గ్రిప్స్ అరచేతిని కాలుస్తాయి, వేళ్ల వెనక మాత్రం కొంకర్లు పోతాయి. మఫ్స్ ఉంటే ఆ వేడి లోపలే తిరుగుతుంది. స్విచ్చులు, బ్రేకు తొడిగాక అందుతున్నాయో లేదో మాత్రం పార్కింగ్‌లోనే చూసుకోండి. మిగిలిన డబ్బుతో కరెంటు మీద వేడెక్కే వెస్ట్. గ్లౌజులు కావు, వెస్టే. ఒంటికి చలేస్తే శరీరం ముందు చేతులకీ కాళ్లకీ రక్తం తగ్గించేస్తుంది. ఛాతీ వెచ్చగా ఉంటే వేళ్లు వాటంతట అవే దారికొస్తాయి. సాక్సులు రెండు జతలు కుక్కొద్దు, బూటు బిగుతైతే పాదం ఇంకా త్వరగా చల్లబడుతుంది.

చేతుల గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. వెస్టర్‌వాల్డ్‌లో హైలిగెన్‌రోట్ అని రెస్ట్ ఏరియా వస్తుంది. అక్కడ టాయిలెట్ గేటులో ఒక యూరో వేస్తేగానీ లోపలికి పోలేం. నాణెం పర్సులో కనబడుతోంది, వేళ్లతో తీస్తున్నాను, పట్టుకున్నానో లేదో వేళ్లకి తెలియడం లేదు. రెండుసార్లు కింద పడింది. వెనక నిలబడ్డ ఒక పెద్దావిడ తీసి గేటులో వేసి, నా చేతులు తన చేతుల్లో పెట్టుకుని జర్మన్‌లో చెడామడా తిట్టింది. అవే వేళ్లతో నేను అప్పటిదాకా బ్రేకు పట్టుకున్నాను!

ఆ రోజు నుంచి ఆగిన ప్రతిచోటా ఒక పరీక్ష చేస్తాను. గ్లౌజు తీసి బొటనవేలితో చిటికెన వేలి కొస తాకాలి. సాఫీగా తాకలేకపోతే బండి తీయకూడదు, అంతే. తిమ్మిరెక్కిన వేళ్లని హ్యాండ్ డ్రయ్యర్ కింద పెట్టకండి, స్పర్శ లేనప్పుడు కాలినా తెలియదు. చంకల్లో పెట్టుకోండి, వేడి గ్లాసు తర్వాత. డ్రయ్యర్ గ్లౌజులకి పనికొస్తుంది. ఆ యూరోకి ఇచ్చే చీటీ పారేయకండి, అక్కడే కాఫీ కొంటే బిల్లులో తగ్గిస్తారు.

వణుకు వస్తుంటే ఆగాలి. వణుకు ఆగిపోయి, చలి పోయినట్టుండి, మనసు మొద్దుబారి, ఇంకొంచెం దూరమే కదా పోదాం అనిపిస్తోందంటే మాత్రం అది ధైర్యం కాదు, ఒళ్లు చల్లబడిపోతోందన్నమాట. నలభై, యాభై నిమిషాలకి ఒకసారి ఆగేలా ముందే రెస్ట్ ఏరియాలు రాసుకోండి. అవసరమనిపించినప్పుడు ఆగుదాంలే అనుకుంటే, అది అనిపించే బుర్రే అప్పటికి సగం పనిచేస్తుంటుంది.

ఫ్యూజ్ ఎక్కడ

వదిన అంతా చెప్పేసింది, కరెంటు లెక్క ఒక్కటే మిగిలింది.

వేడెక్కే వెస్ట్, జాకెట్ లాంటివి మోడల్‌ని బట్టి దాదాపు 50 నుంచి 90 వాట్లు లాగుతాయి. గ్రిప్స్ ఇంకో 30, 40. హెడ్‌లైట్, ఇంజిన్, ఫోన్ ఛార్జర్ వీటి మీద. హైవే మీద ఇంజిన్ బాగా తిరుగుతున్నంతసేపూ పర్వాలేదు. కొలోన్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఐడిలింగ్‌లో ఇరుక్కున్నప్పుడు ఆల్టర్నేటర్ ఇచ్చేది తగ్గి బ్యాటరీ నుంచి లాగడం మొదలవుతుంది. చలికి బ్యాటరీ ఎలాగూ నీరసంగా ఉంటుంది.

ఒక చిన్న వోల్ట్‌మీటర్ పెట్టించు గిరీ. నడుస్తున్నప్పుడు 13.5 పైన ఉంటే నిశ్చింత. 12.8 కిందకి దిగితే ముందు వెస్ట్ ఆపు, గ్రిప్స్ తర్వాత. వెస్ట్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి, ఫ్యూజుతో రావాలి. సిగరెట్ లైటర్ సాకెట్ మీద పెట్టకు, ఆ ఫ్యూజు అంత లోడు మోయకపోవచ్చు. స్పేర్ ఫ్యూజులు జాకెట్ జేబులో పెట్టుకో. సీటు కింద పెడితే మంచులో సీటు తాళమే తిరగదు.

బ్యాటరీ పాతదైతే వియన్నాలోనే మార్చెయ్. లిథియం బ్యాటరీ వేసి ఉంటే పొద్దున్నే స్టార్టర్ నొక్కెయ్యకుండా రెండు నిమిషాలు లైట్ వేసి ఉంచు. కాస్త లోడు పడితే అది లోపల వేడెక్కి అప్పుడు పలుకుతుంది.

గేర్ మార్చని గిరి

వదినా, మీ జవాబు మా ఆవిడకి చదివి వినిపించాను. "నాలుగు రోజులు అని ఆవిడ చెప్పిందా, అయితే వెళ్లు" అంది. రెండు రోజుల ప్లాన్ రద్దు. మఫ్స్‌కి ఆర్డర్ పెట్టేశాను. ఫ్యూజ్ గారూ, బ్యాటరీ మామూలు లెడ్ యాసిడ్‌దే, నాలుగేళ్లది, మార్చేస్తాను.

రెండు సందేహాలు మిగిలాయి. ఇంత చూసుకున్నా ఐసు మీదకి ఎక్కేశానే అనుకోండి, ఆ క్షణంలో ఏం చేయాలి? ఇంకోటి, పాసావు దగ్గర మంచులో వేలమంది బైకర్లు టెంట్లు వేసుకుని ఉండే ఫోటోలు చూశాను. మామూలు బైకులే కనబడ్డాయి. వాళ్లు వెళ్లగలిగినప్పుడు మనం మరీ ఎక్కువ భయపడుతున్నామా?

వీస్ట్రోమ్ వదిన

ఆ ఫోటోలు ఎలిఫాంటెన్‌ట్రెఫెన్‌వి. ఏనుగుల సమావేశం అన్నమాట. 1956లో స్టుట్‌గార్ట్ దగ్గర సోలిట్యూడ్‌లో మొదలైంది. ఏనుగు అన్నది త్సుండాప్ కేఎస్ 601 అనే బండి ముద్దుపేరు, పచ్చ ఏనుగు అనేవాళ్లు. 1989 నుంచి బవేరియా అడవుల్లో తుర్మాన్స్‌బాంగ్ దగ్గర సోల్లాలో జరుగుతోంది. నేనూ వెళ్లాను, గడ్డి పరుచుకుని మంచులో పడుకున్నాను. కానీ ఆ ఫోటోలు మళ్లీ ఒకసారి చూడండి. అక్కడికి వచ్చే బళ్లలో సైడ్‌కార్లు ఎన్నో లెక్కపెట్టండి. మూడో చక్రం ఉన్నవాడు జారితే పక్కకి తిరుగుతాడు, మనం జారితే కింద పడతాం. రెండు చక్రాల వాళ్లలో చాలామంది ఆఖరి కొండ రోడ్డుకి చెయిన్లో, మేకులున్న టైర్లో సొంతంగా కట్టుకుంటారు. దాన్ని చూసి మీ టూరింగ్ టైర్లతో ధైర్యం తెచ్చుకోవద్దు. చలికాలానికి పనికొచ్చే బైక్ టైర్లూ ఉన్నాయి, హైడెనావ్, అన్లాస్ లాంటి కంపెనీలు చేస్తాయి. నేను రోజూ తిరిగేదాన్ని కాబట్టి వేయించాను. ఒక్క ప్రయాణానికి, మీ టైర్లు అరగలేదంటున్నారు కాబట్టి, ఆ డబ్బు గదుల మీద పెట్టమంటాను. గాలి మాత్రం మాన్యువల్‌లో ఉన్నంతే ఉంచండి, పట్టు కోసమని తగ్గించకండి.

ఐసు మీదకి ఎక్కేస్తే చేయాల్సినవి తక్కువ, చేయకూడనివే ఎక్కువ. ముందు చక్రం బ్రేకు ముట్టుకోకూడదు. యాక్సిలరేటర్ ఉన్నపళంగా వదిలేయకూడదు, అదీ వెనక చక్రానికి బ్రేకు వేసినట్టే. హ్యాండిల్ గట్టిగా బిగించకూడదు. మోచేతులు వదులు చేసి, దూరంగా చూస్తూ, బండి నిటారుగా ఉంచి దాని మానాన దాన్ని దాటనివ్వండి. ఒక వంతెన మీది ఐసు అయితే రెండు సెకన్లలో దాటేస్తారు, గుండె మాత్రం పది కిలోమీటర్లు కొట్టుకుంటుంది. అది దాటాక తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోవాలి. ఒక వంతెనకి పట్టిందంటే తర్వాతి వంతెనకీ పట్టి ఉంటుంది.

బండి ఆగిపోతే గానీ పడితే గానీ దాన్ని లేపుతూ రోడ్డు పక్కన నిలబడొద్దు. మీరు జారిన చోటే వెనక వచ్చే కారూ జారుతుంది. బండి పోతే పోనీ, మీరు ముందు క్రాష్ బ్యారియర్ అవతలికి వెళ్లండి. 112కి అక్కడి నుంచే ఫోన్ చేయండి. బ్రేక్‌డౌన్ కవర్ మీ బ్రిటన్ పాలసీలో ఐరోపాకి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. అది ఉంటే జర్మనీలో పసుపు వ్యాన్‌లో ఏడీఏసీ వాళ్లు రావచ్చు. ఇప్పుడు కార్ల వాళ్ల సంఘంలా కనబడుతుంది గానీ 1903లో స్టుట్‌గార్ట్‌లో అది పుట్టింది మోటార్‌సైకిల్ వాళ్ల సంఘంగానే. నాకెందుకో అది తలుచుకుంటే కాస్త గర్వం.

మర్చిపోయే ముందు: ఆస్ట్రియాలో బైక్‌కి కూడా ఫస్ట్ ఎయిడ్ కిట్ తప్పనిసరి, ఆటోబాన్‌కి వినియెట్ (టోల్ కట్టినట్టు చూపే స్టిక్కర్) కూడా. జర్మనీలో బైక్‌కి టోల్ లేదు. వైజర్ లోపల పిన్‌లాక్ అద్దం, అంటే ఆవిరి పట్టకుండా పెట్టే రెండో పొర, లేకపోతే అది కూడా ఆ 300లోనే కొనాలి. అది లేకుండా పొగమంచులో వైజర్ ఎత్తి నడిపారంటే కళ్లు నీళ్లు కారి ఏమీ కనబడదు.

హారిచ్ మావయ్య

ఇటు వైపు సంగతి నేను చెప్తాను అల్లుడూ. నేను ఇప్స్‌విచ్‌లో ఉంటాను, ఆ ఫెర్రీ నాకు అలవాటే.

రాత్రి ఫెర్రీ ఎక్కితే కేబిన్‌లో పడుకుని తెల్లవారేసరికి హారిచ్‌లో దిగొచ్చని అందరూ చెప్తారు. కానీ వదిన చెప్పిన గడియారం ఇక్కడా గుర్తుపెట్టుకో. ఓడ దిగేసరికి ఏడు కూడా కాదు, జనవరిలో ఇక్కడ సూర్యుడు వచ్చేది ఎనిమిది దగ్గర. ఏ120 మీద పొలాల మధ్య అప్పుడే గడ్డకట్టి ఉంటుంది. నాలుగు రోజులు జాగ్రత్తగా వచ్చి ఆఖరి రోజు ఇల్లు దగ్గరకొచ్చిందని చీకట్లో పరిగెత్తడం ఎందుకు? పగటి ఫెర్రీకి రా, సాయంత్రం దిగుతావు, ఆ రాత్రి హారిచ్‌లోనే ఉండు. పొద్దున తొమ్మిదిన్నరకి బయల్దేరి ఇప్స్‌విచ్ దగ్గర ఏ14 ఎక్కితే కేంబ్రిడ్జ్ మీదుగా నేరుగా ఎం6కి కలుస్తావు. కోవెంట్రీ మధ్యాహ్నానికే. రోడ్డుకి ఎడమ వైపుకి మారాలన్నది పోర్టు గేటు దగ్గరే ఒకసారి పైకి అనుకో. అలసిపోయి ఉన్నప్పుడు మొదటి రౌండబౌట్ దగ్గరే పొరపాటు జరుగుతుంది.

ఓడలో ఇనుప డెక్ తడిగా, నూనె మరకలతో ఉంటుంది. చలికాలంలో ఎక్కేవాళ్ల చక్రాల మంచు కూడా దాని మీదే కరుగుతుంది. ర్యాంప్ మీద బ్రేకు కొట్టకుండా మెల్లగా ఎక్కు, కాలు కింద పెట్టేటప్పుడు చూసుకుని పెట్టు. బండి గేర్‌లో పెట్టి సైడ్ స్టాండ్ మీద నిలబెట్టి, సీటు మీదుగా పట్టీ బిగించుకోవాలి. పట్టీలు అక్కడే ఉంటాయి, మురికిగా ఉంటాయి, కాబట్టి సీటుకి అడ్డంగా వేయడానికి నీ పాత గ్లౌజులో, గుడ్డో సిద్ధంగా పెట్టుకో. స్టాండ్ వైపు లాగి బిగించాలి, అవతలి వైపుకి కాదు. హీటెడ్ వెస్ట్ వైరు విప్పకుండా దిగకు, ఓసారి ఒకాయన వైరుతో పాటే బండిని పక్కకి లాగేశాడు.

ఇక ఉప్పు. నాలుగు దేశాల ఉప్పు మీ బండి కిందే ఉంటుంది. ప్రతి సాయంత్రం ఇంజిన్ వేడిగా ఉండగానే చైన్‌కి నూనె పట్టించు, చలికి ఆరిన చైన్ పట్టదు. ఇల్లు చేరిన రోజే బోలెడు చన్నీళ్లతో కడుగు. వేడినీళ్లు వద్దు, ఉప్పు ఇంకా చురుగ్గా లోహాన్ని తింటుందంటారు. ప్రెషర్ గన్ బేరింగ్‌ల మీదకి కొట్టకు. ముందు చక్రం వెనకాల, రేడియేటర్ కింద, సైడ్ స్టాండ్ బోల్టు దగ్గర, బ్రేకు కాలిపర్ లోపలి వైపు చూడు, అక్కడే తెల్లగా పేరుకుంటుంది. మళ్లీ రెండు రోజులాగి ఇంకోసారి కడుగు. మొదటిసారి పోయిందనుకున్నది ఆరాక మళ్లీ తెల్లగా బయటపడుతుంది.

గేర్ మార్చని గిరి

మావయ్యా, పగటి ఫెర్రీకే టికెట్ మార్చేశాను, హారిచ్‌లో గది కూడా చూశాను. పాత కార్బొరేటర్ అన్నా, వ్యాన్ ఆయన నంబరు ఉంటే పర్సనల్ మెసేజ్‌లో పెట్టు. పాసావులో గానీ, వుర్జ్‌బర్గ్‌లో గానీ మంచు ఆగకపోతే అక్కడి నుంచే ఎక్కించేస్తాను.

పాత కార్బొరేటర్

పంపించాను. వుర్జ్‌బర్గ్ అయితే ఆయనకి దారిలోనే. ముందు రోజు మధ్యాహ్నంలోగా చెప్పాలి, బండి కొలతలు అడుగుతాడు, పానియర్లు (పక్క పెట్టెలు) తీసేసి ఉంచు.